పక్క సీటు ధర: అమెరికా విమాన చార్జీల చరిత్ర

న్యూయార్కు నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్ళే విమానంలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు తమ టికెట్ల ధరలు చెప్పుకుంటే వారిలో ఒకరికి మనసు చివుక్కుమనడం ఖాయం. సీటు అదే, ప్రయాణకాలం అదే, చేతికిచ్చే మంచినీళ్ళూ అవే. అయినా ఒకరు చెల్లించినది రెండవవారు చెల్లించినదానికి రెండింతలో మూడింతలో ఉండవచ్చు. నేల టికెట్టుకొక ధర, బాల్కనీకొక ధర అన్న పద్ధతికి అలవాటు పడినవారికి ఇది అన్యాయంగానో అయోమయంగానో తోస్తుంది. అయితే అమెరికాలో విమాన చార్జీలు మొదటినుంచీ ఇలా లేవు. దాదాపు నలభై ఏళ్ళపాటు ఏ మార్గానికి ఎంత చార్జీ అన్నది ప్రభుత్వ అనుమతితోనే స్థిరపడేది. ఆ స్థితి నుంచి ఈ స్థితికి ఎలా వచ్చామో తెలుసుకుంటే టికెట్ ధర అసలు దేనిని కొలుస్తుందో అర్థమవుతుంది. చవక టికెట్ ఎవరికి దొరుకుతుంది, ఎవరికి దొరకదు అన్న ప్రశ్నకు సమాధానం కూడా ఆ చరిత్రలోనే ఉంది.

ప్రభుత్వం ధర కట్టిన కాలం

ఆర్థిక మాంద్యపు నీడలో, విచ్చలవిడి పోటీలో విమాన సంస్థలు కూలిపోతాయన్న భయంతో అమెరికన్ కాంగ్రెస్ 1938లో పౌర విమానయాన చట్టం చేసింది. 1940 నుంచి సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు ఆ చట్టాన్ని అమలు జరిపింది. ఏ సంస్థ ఏ ఊరికి విమానం నడపాలి, ఎంత చార్జీ తీసుకోవాలి అన్న రెండు విషయాలూ బోర్డు చేతిలోనే ఉండేవి. 1950, 1974ల మధ్య దేశీయ సేవలు నడుపుతామంటూ కొత్త సంస్థల నుంచి 79 దరఖాస్తులు వస్తే బోర్డు ఒక్కదాన్నీ ఆమోదించలేదు.

ధరలో పోటీ పడే వీలు లేనప్పుడు సంస్థలు మర్యాదల్లో పోటీ పడ్డాయి. భోజనాలు ఘనమయ్యాయి. 1970ల ఆరంభంలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన 747 విమానాల్లో పియానోతో సహా విశ్రాంతి గది ఏర్పాటు చేసింది. ఒకరు రోజుకు నాలుగు విమానాలు నడిపితే మరొకరు ఐదు నడిపారు. ఫలితంగా ఆ రోజుల్లో విమానాల్లో దాదాపు సగం సీట్లు ఖాళీగా ఎగిరేవి. ఆ ఖాళీ సీట్ల ఖర్చు కూడా కూర్చున్నవారి టికెట్లలోనే కలిసి ఉండేది.

ఆ గోడకు మొదటి బీట 1948లో పడింది. క్యాపిటల్ ఎయిర్‌లైన్స్ షికాగో, న్యూయార్కుల మధ్య రాత్రివేళ, హంగులు తగ్గించి, తక్కువ చార్జీకి ‘కోచ్’ తరగతి నడపడానికి బోర్డు అనుమతి పొందింది. అసౌకర్యాన్ని భరించేవాడికి తక్కువ ధర అన్న సూత్రం అక్కడే వేళ్ళూనుకుంది.

రెండు రాష్ట్రాలు చెప్పిన పాఠం

బోర్డు అధికారం రాష్ట్రాల సరిహద్దులు దాటే మార్గాలకే పరిమితం. ఒకే రాష్ట్రంలో తిరిగే విమానాలకు ఆ ధరలు వర్తించవు. అందువల్ల కాలిఫోర్నియాలో పసిఫిక్ సౌత్‌వెస్ట్, టెక్సస్‌లో 1971 నుంచి సౌత్‌వెస్ట్ తమ ధరలు తాము పెట్టుకోగలిగాయి. దూరంలో పెద్ద తేడా లేకపోయినా, లాస్ ఏంజెలెస్–శాన్ ఫ్రాన్సిస్కో చార్జీ బాస్టన్–వాషింగ్టన్ చార్జీలో సగమైనా ఉండేది కాదు.

సౌత్‌వెస్ట్ అనుభవంలో మరో పాఠం ఉంది. శుక్రవారం రాత్రి ఒక విమానాన్ని మరమ్మతు పనుల కోసం హ్యూస్టన్ నుంచి డాలస్‌కు ఎలాగూ తీసుకువెళ్ళవలసి వచ్చేది. ఖాళీగా వెళ్ళేదానిలో పది డాలర్లకే మనుషులను ఎక్కించుకుంటే ఏం పోయిందని 1971 చివర్లో ప్రయత్నించారు. కొద్దివారాల్లోనే అది కిటకిటలాడింది. ఆ తరువాత సంస్థ పనిదినాల పగటివేళకు ఒక ధర, రాత్రులకూ వారాంతాలకూ అందులో సగం ధర అమలు చేసింది. వ్యాపారం మీద వెళ్ళేవారు పగటి ధరే చెల్లించారు. కొత్తగా వచ్చినవారిలో చాలామంది అంతకుముందు కారులోనో బస్సులోనో వెళ్ళినవారు.

సెనేటర్ ఎడ్వర్డ్ కెనెడీ ఉపసంఘం 1975లో జరిపిన విచారణల్లో ఈ రెండు రాష్ట్రాల ఉదాహరణలే ప్రధాన సాక్ష్యాలయ్యాయి. ఆ విచారణలను రూపొందించిన న్యాయవేత్త స్టీవెన్ బ్రయర్ తరువాతి కాలంలో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యాడు. 1977లో బోర్డు అధ్యక్షుడిగా వచ్చిన ఆర్థికశాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ కాన్ తన సంస్థ అధికారాలను తానే సడలించసాగాడు. 1978 అక్టోబర్ 24న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకంతో విమానయాన నియంత్రణల తొలగింపు చట్టమైంది.

ఒక లెక్క, ఒక యంత్రం

స్వేచ్ఛ వచ్చినంత మాత్రాన పక్క సీట్లకు వేరువేరు ధరలు పుట్టవు. దానికి ఒక లెక్క, ఆ లెక్క చేసే యంత్రం కావాలి.

లెక్కను 1972లో బ్రిటిష్ సంస్థ బి.ఓ.ఎ.సి.లో పనిచేసే కెన్ లిటిల్‌వుడ్ చెప్పాడు. విహారయాత్రికుడు ముందుగా వచ్చి చవక టికెట్ అడుగుతాడు. పనిమీద వెళ్ళేవాడు చివరి నిమిషంలో వచ్చి పూర్తి ధర ఇస్తాడు. మొదటివాడికి సీటు అమ్మాలా, రెండవవాడి కోసం అట్టేపెట్టాలా? పూర్తి ధర 300 డాలర్లు, తగ్గింపు ధర 120 డాలర్లు అనుకుందాం. 120ని 300తో భాగిస్తే నూటికి నలభై. ఆ సీటు తరువాత పూర్తి ధరకు అమ్ముడుపోయే అవకాశం నూటికి నలభై కంటే ఎక్కువైతే అట్టేపెట్టాలి, తక్కువైతే ఇప్పుడే అమ్మేయాలి. ఇంతే సూత్రం. కానీ ప్రతి విమానానికీ, ప్రతి రోజూ ఈ అంచనా వేయాలంటే పాత ప్రయాణాల చరిత్ర అంతా చేతిలో ఉండాలి.

ఆ చేయి అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కు ముందే ఉంది. 1953లో ఆ సంస్థ అధ్యక్షుడు సి. ఆర్. స్మిత్, ఐ.బి.ఎం. ఉద్యోగి బ్లెయిర్ స్మిత్ ఒకే విమానంలో పక్కపక్కన కూర్చోవటం తటస్థించింది. ఆ మాటల్లో మొలకెత్తినదే ‘సేబర్’ రిజర్వేషన్ వ్యవస్థ. అది 1960లలో పూర్తిస్థాయిలో పనిచేయసాగింది. 1977లో బోర్డు అనుమతితో అమెరికన్ ప్రవేశపెట్టిన ‘సూపర్ సేవర్’ చార్జీల్లో నేటి నియమాల పూర్వరూపం కనబడుతుంది. చాలా రోజుల ముందే కొనాలి, వెళ్ళినచోట కనీసం కొన్నాళ్ళు ఉండాలి, పైగా ఆ ధరకు విమానంలో కొన్ని సీట్లే. ఆ తరువాత వచ్చిన ‘శనివారం రాత్రి అక్కడే గడపాలి’ అన్న నియమం ఈ వరుసలోనిదే. వ్యాపారి శుక్రవారానికల్లా ఇల్లు చేరాలనుకుంటాడు గనుక ఆ ఒక్క వాక్యం అతన్ని చవక టికెట్ నుంచి దూరం చేస్తుంది.

1985 జనవరి

1981లో డోనల్డ్ బర్ నేతృత్వంలో న్యూఆర్క్ నుంచి ఎగరడం మొదలుపెట్టిన పీపుల్ ఎక్స్‌ప్రెస్ అందరికీ చవక ధర అన్న విధానంతో వేగంగా పెరిగింది. సామాను చెక్‌ఇన్‌కు డబ్బు, తిండికి డబ్బు, చార్జీ మాత్రం అతి తక్కువ. పాత సంస్థల జీతాలతో, ఖర్చులతో ఆ ధరను అందుకోవడం అసాధ్యమని అందరూ అనుకున్నారు.

నలభై ఏళ్ళకు పైగా ధరలు నిర్ణయించిన బోర్డు 1985 మొదటి రోజుతో కనుమరుగైంది. అదే నెలలో అమెరికన్ ‘అల్టిమేట్ సూపర్ సేవర్’ చార్జీలు ప్రకటించింది. పీపుల్ ఎక్స్‌ప్రెస్‌తో సమానమైన ధర, కానీ ఖాళీగా పోతాయని యంత్రం లెక్కగట్టిన సీట్లకే. మిగతా సీట్లు ఆలస్యంగా వచ్చేవారి కోసం పూర్తి ధరకు ఉంటాయి. అందరికీ ఒకే చవక ధర ఇచ్చిన సంస్థకు తొందరలో ఉన్న ప్రయాణికుడి నుంచి అదనంగా రాబట్టే మార్గం లేకపోయింది. 1986లో పీపుల్ ఎక్స్‌ప్రెస్ టెక్సస్ ఎయిర్‌కు అమ్ముడుపోయి, 1987లో కాంటినెంటల్‌లో కలిసిపోయింది.

ఈ పద్ధతికి అమెరికన్ పెట్టుకున్న పేరు యీల్డ్ మేనేజ్‌మెంట్. సేద్యంలో ఎకరానికి దిగుబడి లెక్కగట్టినట్టు ఇక్కడ సీటుకు లెక్కగడతారు. మూడేళ్ళలో దీనివల్ల 140 కోట్ల డాలర్ల లాభం చేకూరిందని ఆ సంస్థ అంచనా వేసింది. 1992 ఏప్రిల్‌లో ఆ సంస్థే ధరల అడవిని నరికి నాలుగు రకాల చార్జీలతో సరిపెట్టాలని చూసింది. పోటీదారులు వెంటనే ధరలు కోసేశారు. కొన్ని నెలల్లోనే ఆ సరళత మట్టిగలిసింది. అదే ఏడాది డిసెంబరులో, ఉమ్మడి ధరల వ్యవస్థలో ముందస్తు ప్రకటనల ద్వారా సంస్థలు పరస్పరం సైగలు చేసుకుంటున్నాయని న్యాయశాఖ దావా వేసింది. 1994లో అది రాజీతో ముగిసింది.

చవక టికెట్ తర్కం

నేటి విమానంలో ఎకానమీ సీట్లు కంటికి ఒకటే అయినా యంత్రం దృష్టిలో డజను అరలు. ప్రతి అరకూ ఒక అక్షరం, ఒక ధర. కింది అర నిండితే పై అర ధర కనబడుతుంది. అమ్మకం మందగిస్తే మూసిన అర మళ్ళీ తెరుచుకోవచ్చు. నిన్న చూసిన ధర ఇవాళ పెరగడానికి సాధారణంగా ఇదే కారణం. వెతికినవారి కంప్యూటరు మీద నిఘా పెట్టారన్న అనుమానానికి గట్టి ఆధారాలు లేవు. నలుగురు కుటుంబ సభ్యులకు కలిపి వెతికినప్పుడు చవక అరలో మూడే సీట్లు ఉంటే చాలా వ్యవస్థలు నలుగురికీ పై అర ధరే చూపుతాయి. ఒక్కరికి వెతికి పోల్చి చూస్తే ఆ తేడా బయటపడుతుంది.

రెండవ సూత్రం, ధర దూరాన్ని బట్టి కాక పోటీని బట్టి ఉంటుంది. ఒక సంస్థ ఆధిపత్యం ఉన్న ఊరికి నేరుగా వెళ్ళే టికెట్ కంటే అదే ఊరి మీదుగా మరో ఊరికి పోయే టికెట్ చవక కావచ్చు. మధ్యలో దిగిపోయే ‘దాచిన ఊరి’ ప్రయాణాలు ఇందులోంచి పుట్టినవే. సంస్థల నియమాలు దీన్ని నిషేధిస్తాయి. పైగా చెక్‌ఇన్ చేసిన పెట్టె చివరి ఊరికి పోతుంది, తిరుగు టికెట్ రద్దవుతుంది. ఇంతకంటే నమ్మదగిన రక్షణ చట్టంలో ఉంది. ప్రయాణానికి కనీసం ఏడు రోజుల ముందు విమాన సంస్థ దగ్గరే నేరుగా కొన్న టికెట్‌ను 24 గంటల్లో జరిమానా లేకుండా రద్దు చేసుకునే వీలో, డబ్బు కట్టకుండా ఆ ధరను అంతసేపు నిలిపి ఉంచే వీలో అమెరికాలో సంస్థలు కల్పించాలి. కొన్న మరునాటివరకూ మరోసారి వెతికి చూడటం అందువల్ల వృథా కాదు.

హైదరాబాదు ప్రయాణానికీ ఇవే సూత్రాలు. 2005లో భారత, అమెరికా దేశాల మధ్య కుదిరిన విమానయాన ఒప్పందం, 2008లో తెరిచిన శంషాబాదు విమానాశ్రయం, దుబాయి, దోహా, అబూధాబీల మీదుగా పోటీపడే సంస్థలు, ఇవన్నీ కలిసి ప్రయాణికులకు దారులు పెంచాయి. డాలస్ నుంచి దుబాయి దాకా కొన్న టికెట్ కంటే దుబాయి మీదుగా హైదరాబాదుకు కొన్నది చవకగా ఉన్నా ఆశ్చర్యం లేదు. బడి సెలవులు, డిసెంబరు సెలవులు మాత్రం ఎవరికీ కలిసిరావు. అందరూ ఒకేసారి ఇల్లు చేరాలనుకునే రోజుల్లో కింది అరలు ఎప్పుడో మూతపడి ఉంటాయి.

తొందరకు వెల

నియంత్రణలు తొలగిన తరువాత సగటు చార్జీ, ద్రవ్యోల్బణం లెక్క తీసేస్తే, బాగా తగ్గింది. విమానాల్లో నూటికి ఎనభైకి పైగా సీట్లు నిండుతున్నాయి. ఒకప్పుడు విమానం వైపు తలెత్తి చూడటమే తప్ప ఎక్కని కుటుంబాలు ఇవాళ ప్రయాణిస్తున్నాయి. ఖాళీ సీటును పది డాలర్లకు అమ్మిన ఆ శుక్రవారపు ఆలోచన చేసిన మేలు ఇది.

అయితే యంత్రం వ్యాపారిని గుర్తుపట్టేది అతని తొందరను బట్టి. తండ్రికి గుండెపోటు వచ్చిందని అర్ధరాత్రి ఫోను అందుకున్న కూతురూ రేపటి టికెట్టే అడుగుతుంది, ఎన్నాళ్ళు ఉంటుందో చెప్పలేదు. లెక్క దృష్టిలో ఆమెకూ, ఒప్పందం మీద సంతకానికి వెళ్ళే అధికారికీ తేడా లేదు. అధికారి టికెట్ కంపెనీ ఖాతాలో పడుతుంది, ఆమెది ఆమె జీతంలో పడుతుంది. ఒకప్పుడు అమెరికన్ సంస్థలు మరణం సంభవించిన కుటుంబాలకు ప్రత్యేక చార్జీలు ఇచ్చేవి. అమెరికన్, యునైటెడ్ 2014లో వాటిని ఎత్తివేశాయి. 2025లో కృత్రిమ మేధతో ధరలు నిర్ణయించే ప్రయత్నం గురించి డెల్టాను సెనేటర్లు నిలదీశారు. వ్యక్తిగత సమాచారం బట్టి ఎవరికీ ధర కట్టడం లేదని ఆ సంస్థ సమాధానమిచ్చింది. ఆ ప్రశ్న అంత తేలికగా సద్దుమణిగేది కాదు. శనివారం రాత్రి నియమం మొదలు ఈ చరిత్ర అంతా ప్రయాణికుడి అవసరం ఎంతటిదో కనిపెట్టే ప్రయత్నమే.

కనుక చవక టికెట్ కోసం వెతకడమంటే నాకు తొందర లేదని ఆ లెక్కకు నిరూపించుకోవడం. తేదీ మార్చుకోగలిగినవారు, ఒక మజిలీ అదనంగా భరించగలిగినవారు, నెలల ముందే నిశ్చయించుకోగలిగినవారు నిరూపించుకోగలరు. ఊళ్ళో వృద్ధ తల్లిదండ్రులున్న ప్రవాసులకు ఏదో ఒకనాడు ఆ నిరూపణ సాధ్యం కాదు. ఏటా చవకగా చేసిన ప్రయాణాల్లో మిగిలినదాన్ని ఆ ఒక్క ప్రయాణం కోసం విడిగా దాచుకోవడమే ఈ చరిత్ర వారికి ఇచ్చే సలహా.