ప్రభుత్వం అమ్మితే లాటరీ జూదం కాకుండా పోతుందా?

“అయ్యగారూ, అక్కడ ప్రభుత్వమే అనుమతించింది కదా, ఇక జూదం ఎలా అవుతుంది?” గల్ఫ్ నుండి సెలవుకు వచ్చే సంఘ సభ్యుల నోట ఈ ప్రశ్న మేము తరచు వింటున్నాము. మత్తీయను ఎన్నుకోవడానికి అపొస్తలుల కాలంలో చీట్లు వేశారు కదా అని కొందరు జోడిస్తారు. ఆ చీట్లలో ఎవరూ సొమ్ము ఒడ్డలేదు, ఎవరూ పోగొట్టుకోలేదు. కనుక ఆ పోలిక పక్కన పెట్టి, ప్రభుత్వ అనుమతి అంటే ఏ దేశంలో ఏమిటో చూద్దాము.

గల్ఫ్‌లోనే అంతటా ఒకే పద్ధతి లేదు. సౌదీ అరేబియాలో జూదం నిషిద్ధం. యు.ఏ.ఈ. 2023లో ప్రత్యేక నియంత్రణ సంస్థను ఏర్పరచి, 2024లో జాతీయ లాటరీకి లైసెన్సు ఇచ్చింది.

బ్రిటన్‌లో 1993లో చట్టం వచ్చింది, 1994 నవంబరు 19న మొదటి డ్రా తీశారు. ప్రభుత్వం తాను టికెట్లు అమ్మదు. ఒక కంపెనీకి లైసెన్సు ఇస్తుంది, ఆ కంపెనీపై గ్యాంబ్లింగ్ కమిషన్ కన్నేసి ఉంచుతుంది. మొదటి నుండి నడిపిన కామెలాట్ స్థానంలోకి 2024 ఫిబ్రవరిలో ఆల్విన్ వచ్చింది. అమ్మకాలపై 12 శాతం సుంకం ఖజానాకు వెళ్తుంది. ఇంకొంత సొమ్ము కళలకు, క్రీడలకు, సేవా సంస్థలకు, పురాతన కట్టడాలకు వెళ్తుంది. ఆ కట్టడాలలో చర్చీలూ ఉన్నాయి. కారుతున్న పైకప్పుకు లాటరీ సొమ్ము తీసుకోవచ్చా అన్నది అక్కడి సంఘాలకు నిజమైన చిక్కు. 2021 నుండి 18 ఏళ్లు నిండనివారికి టికెట్ అమ్మరాదు.

ఇంత కట్టుదిట్టం ఉన్నచోటే 2015 అక్టోబరులో ఒక మార్పు జరిగింది. ఎంచుకోవలసిన అంకెలను 49 నుండి 59కి పెంచారు. దానితో జాక్‌పాట్ తగిలే అవకాశం సుమారు 1.4 కోట్లలో ఒకటి నుండి 4.5 కోట్లలో ఒకటికి పడిపోయింది. అదే నెలలో అమెరికాలో పవర్‌బాల్ కూడా 17.5 కోట్లలో ఒకటిగా ఉన్నదాన్ని 29.2 కోట్లలో ఒకటిగా మార్చింది. గెలిచేవారు అరుదైతే జాక్‌పాట్ పేరుకుపోతుంది. పేరుకుపోతే వార్త అవుతుంది, టికెట్లు ఇంకా అమ్ముడవుతాయి. ఇదంతా చట్టబద్ధంగానే జరిగింది. డ్రాలో మోసం లేకుండా చూడటం నియంత్రణకు తెలుసు గాని, కొనేవాని జేబు ఖాళీ కాకుండా చూడటం దానికి అంతగా చేతకాదని మా అభిప్రాయం.

అమెరికాలో లాటరీ రాష్ట్రాల పని. 1964లో న్యూహ్యాంప్‌షైర్ మొదలుపెట్టింది, ఇప్పుడు 45 రాష్ట్రాల్లో ఉంది. లేని ఐదింటిలో లాస్ వెగాస్ ఉన్న నెవాడా ఒకటి! అలబామాలో కళాశాల విద్యార్థులకు ఉపకార వేతనాల కోసమంటూ లాటరీ పెట్టబోతే, సంఘాలు ఊరూరా వ్యతిరేకించాయి. 1999లో ప్రజలు ఓటు వేసి దాన్ని తిరస్కరించారు.

మన దేశంలో 1998 నాటి కేంద్ర చట్టం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వాలే లాటరీ నడపాలి. టికెట్‌పై రాష్ట్ర ముద్ర ఉండాలి, డ్రా ఆ రాష్ట్రంలోనే తీయాలి, ఎవరూ అడగని బహుమతి సొమ్ము ప్రభుత్వానికే చెందుతుంది. కేరళ 1967లోనే దీనికి ప్రత్యేక శాఖ పెట్టింది. టికెట్లు అమ్ముకొని బతికే వికలాంగులు అక్కడ ఎందరో ఉన్నారు, వారి కూడును తేలికగా తీసిపారేయలేము. తమిళనాడు మాత్రం 2003లో నిషేధించింది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమ్మకానికి అనుమతి లేదు. పైన అడిగిన ప్రశ్నకు సుప్రీంకోర్టు 1999లోనే జవాబు చెప్పింది: ప్రభుత్వం నడిపినా లాటరీ జూదమే. బ్రిటన్‌లో అమ్మేది ఒకరు, కాపలా కాసేది మరొకరు. మన దగ్గర రెండూ ఒక్కరే కావడం మాకు అంతకన్నా ఇబ్బందిగా తోస్తుంది.

సంఘ పెద్దలు గమనించవలసింది ఇంకొకటి ఉంది. భారతదేశం నుండి విదేశీ లాటరీ టికెట్ల కోసం డబ్బు పంపడం విదేశీ మారక నిబంధనల ప్రకారం నిషిద్ధం. కనుక “మీకు విదేశీ లాటరీ తగిలింది, ముందు పన్ను కట్టండి” అని ఫోనుకు సందేశం వస్తే అది మోసమే. మన దేశంలో లాటరీ బహుమతిపై 30 శాతం పన్ను ఉన్నది నిజమే. కాని దాన్ని బహుమతి ఇచ్చేవారే మినహాయించుకొని మిగిలింది చేతికిస్తారు, గెలిచినవారిని ముందుగా కట్టమని అడగరు.