మొరాకో పాత నగరాలు: గోడ లోపల ఎవరున్నారు, ఎవరు వెళ్లిపోయారు?

ఈరోజు ఎపిసోడ్ మొరాకో గురించి.

మీ ఫోన్‌లో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి రీల్ వచ్చే ఉంటుంది. గోడల నిండా నీలం, ఆకుపచ్చ టైల్స్ ఉన్న పాత ఇల్లు, మధ్యలో చిన్న నీళ్ల తొట్టి, పక్కన నారింజ చెట్టు, ఇత్తడి కెటిల్‌లోంచి పైనుంచి పోస్తున్న పుదీనా టీ. కింద టూర్ వివరాలు: పది రోజులు, సొంత కారు, సొంత డ్రైవర్, సొంత గైడ్. టాంజియర్‌లో మొదలై ఫెస్, రబాత్, కాసాబ్లాంకా, మరాకేష్ చూసుకుంటూ అట్లాంటిక్ ఒడ్డున ఎసవీరాలో ముగుస్తుంది. రేటు చూస్తే మాత్రం మనలో చాలామంది ఫోన్ పక్కన పెట్టేస్తాం.

సరే, డబ్బు సంగతి వదిలేద్దాం. అసలు ప్రశ్న వేరే ఉంది. ఎక్కడైనా ఊరు పెరిగితే ఏమవుతుంది? పాత గోడలు పడగొడతారు, రోడ్లు వెడల్పు చేస్తారు, అపార్ట్‌మెంట్లు లేస్తాయి. మరి మొరాకోలో ఇన్ని పాత నగరాలు గోడలతో, దర్వాజాలతో, సందులతో సహా ఎలా మిగిలాయి? వాళ్లకు సంప్రదాయం మీద ప్రేమ ఎక్కువ అని సులువుగా చెప్పేయొచ్చు. అది నిజమే గానీ సగమే. మిగతా సగం చరిత్రలో ఉంది, అదేమంత అందంగా ఉండదు. ఆ టూర్ దారిలోనే ఒక్కో ఊరూ ఆగుతూ చూద్దాం.

మొదటి ఊరు టాంజియర్. ఆఫ్రికా, యూరప్ దాదాపు ముఖాముఖి నిలబడ్డ చోటు ఇది. జిబ్రాల్టర్ జలసంధి బాగా ఇరుకైన చోట వెడల్పు 14 కిలోమీటర్లే. అందుకే ఈ రేవు మీద అందరి కన్నూ పడింది. 1661లో పోర్చుగల్ రాకుమారి కేథరిన్‌ను ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్‌కి ఇచ్చి పెళ్లి చేయడానికి ఒప్పందం కుదిరింది. కట్నంలో ఏమేమి రాశారో తెలుసా? ఒకటి టాంజియర్, ఇంకొకటి మన బొంబాయి. అవును, ఒకే కట్నం పత్రంలో రెండు ఊళ్లు! బొంబాయిని రాజు 1668లో ఏడాదికి పది పౌండ్ల అద్దెకి ఈస్టిండియా కంపెనీకి అప్పజెప్పాడు. టాంజియర్‌ని మాత్రం మొరాకో సైన్యం నిలవనివ్వలేదు. 1684లో ఇంగ్లీషువాళ్లు తాము కట్టుకున్న ఓడరేవు గోడని తామే పేల్చేసి వెళ్లిపోయారు.

ఈ ఊరివాడే ఇబ్న్ బతూతా. 1304లో పుట్టాడు. 21 ఏళ్లకి హజ్ యాత్ర అని బయల్దేరి, దాదాపు ముప్పై ఏళ్లు తిరుగుతూనే ఉన్నాడు. ఢిల్లీలో మహమ్మద్ బిన్ తుగ్లక్ దగ్గర ఖాజీగా కూడా పనిచేశాడు. 1323లో, ఇంకా యువరాజుగా ఉన్నప్పుడు, ఓరుగల్లు కోట పట్టుకుని కాకతీయుల కథ ముగించింది ఈ తుగ్లకే. చివరికి బతూతా సొంత దేశం చేరాక, మొరాకో సుల్తాన్ అబూ ఇనాన్ ఆయన చూసినవన్నీ చెప్పించి రాయించాడు. ఆ సుల్తాన్ కట్టించిన మదర్సా ఇప్పటికీ ఫెస్ నగరంలో ఉంది. టూర్‌లో రెండో మజిలీ అదే.

ఫెస్ ఎనిమిదో శతాబ్దం చివర మొదలైన ఊరు. స్పెయిన్‌లోని కార్డోబా నుంచి తిరుగుబాటు తర్వాత పారిపోయి వచ్చినవాళ్లు నదికి ఒక ఒడ్డున, ట్యునీషియాలోని కైరవాన్ నుంచి వచ్చినవాళ్లు రెండో ఒడ్డున స్థిరపడ్డారు. అంటే ఇది మొదటి నుంచీ వలస వచ్చినవాళ్లు కట్టుకున్న నగరమే అన్నమాట. కైరవాన్ వాళ్ల వైపున్న అల్ ఖరవియ్యీన్ మసీదుని 859లో ఫాతిమా అల్ ఫిహ్రీ అనే మహిళ కట్టించిందని అక్కడి సంప్రదాయం చెబుతుంది. తర్వాత అదే పెద్ద విద్యాపీఠం అయింది.

గోడ లోపలి పాత నగరాన్ని అక్కడ మదీనా అంటారు. అరబ్బీలో ఆ మాటకి నగరం అనే అర్థం. ఫెస్ మదీనాలోకి కార్లు పోవు. సరుకంతా గాడిదల మీదే. వెనక నుంచి "బాలక్, బాలక్" అని అరుపు వినిపిస్తే గోడకి అతుక్కుపోవాలి. తోళ్లు శుద్ధి చేసే తొట్లు చూడటానికి టూరిస్టుల్ని పక్కింటి మేడ మీదికి ఎక్కిస్తారు. సున్నం నీళ్లు, పావురాల రెట్టల వాసన తట్టుకోడానికి చేతికి పుదీనా ఆకులిస్తారు. పైన మనం ఫొటో తీసుకుంటాం. కింద కూలీ మోకాళ్ల దాకా ఆ నీళ్లలో నిలబడి పనిచేస్తాడు. ఈ మేడకీ ఆ తొట్టికీ మధ్య దూరం గుర్తుంచుకోండి.

ఇప్పుడు 1912కి వద్దాం. ఆ ఏడాది మార్చి 30న ఇదే ఫెస్‌లో సుల్తాన్ అబ్దుల్ హఫీజ్ ఒక ఒప్పందం మీద సంతకం పెట్టాడు. దాంతో మొరాకో ఫ్రాన్స్ రక్షణలోకి వెళ్లింది. రక్షణ అనేది పేరుకే, అసలు అధికారమంతా ఫ్రెంచివాళ్లదే. కొన్ని వారాల్లోనే ఫెస్‌లో తిరుగుబాటు లేచింది. అప్పుడు పాలకుడిగా వచ్చినవాడు జనరల్ లియోటే. ఆయన రాజధానిని ఫెస్ నుంచి సముద్రం ఒడ్డునున్న రబాత్‌కి మార్చాడు.

లియోటే ఒక నియమం పెట్టుకున్నాడు. పక్క దేశం అల్జీరియాలో ఫ్రెంచివాళ్లు పాత అల్జీర్స్‌లో చాలా భాగం పడగొట్టి చౌరస్తాలు, వెడల్పు రోడ్లు వేశారు. మొరాకోలో అలా చేయొద్దన్నాడు. పాత నగరం జోలికి పోవద్దు, యూరోపియన్లకు గోడ బయట కొత్త నగరం కట్టాలి, రెండిటికీ మధ్య ఖాళీ స్థలం వదలాలి. 1914లో హెన్రీ ప్రోస్ట్ అనే ఆర్కిటెక్ట్ వచ్చి రబాత్, కాసాబ్లాంకా, ఫెస్, మరాకేష్‌లకు ఈ పద్ధతిలోనే ప్లాన్లు గీశాడు.

వినడానికి బాగానే ఉంది కదా? పాతదాన్ని కూల్చలేదు, గౌరవించారు. అయితే దీని వెనక ఇంకా లెక్కలున్నాయి. రోగాలు తమ దాకా రాకూడదన్నది ఒకటి. గొడవలైతే సైన్యానికి అడ్డు లేకుండా ఉండాలన్నది ఇంకొకటి. పాత నగరం అందంగా ఉంటే యాత్రికులు వస్తారన్నది మరొకటి. అంటే ఈ రోజు మనం చూసే టూరిజం ఆలోచన అప్పుడే ఉంది.

మరి ఫలితం? కొత్త నగరంలో చెట్లున్న వెడల్పు రోడ్లు, నీళ్లు, పార్కులు. మదీనాలో పెరిగే జనానికి జాగా లేదు, పెట్టుబడి లేదు. చుట్టూ భూమి కొత్త నగరానికి పోయింది. పల్లెల నుంచి పని కోసం కాసాబ్లాంకాకి వచ్చినవాళ్లు ఊరి అంచుల్లో రేకు డబ్బాలు చదును చేసుకుని గుడిసెలు వేసుకున్నారు. ఫ్రెంచిలో అలాంటి వాడల్ని బిడాన్‌విల్ అంటారు. బిడాన్ అంటే డబ్బా. జానెట్ అబూ లుఘోద్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1980లో రబాత్ మీద ఒక పుస్తకం రాశారు. ఈ ఏర్పాటుకి ఆమె పుస్తకం పేరులోనే పెట్టిన మాట: నగర వర్ణవివక్ష. పడగొట్టకపోయినా అన్యాయం చేయొచ్చు అన్నమాట.

1956లో స్వాతంత్ర్యం వచ్చింది. యూరోపియన్లు వెళ్లిపోతుంటే, ఫెస్‌లోని డబ్బున్న పాత కుటుంబాలు కొత్త నగరానికో కాసాబ్లాంకాకో మారిపోయాయి. వాళ్లు వదిలిన పెద్ద ఇళ్లలో పల్లెల నుంచి వచ్చిన పేదవాళ్లు చేరారు. ఒక్కో గదికి ఒక్కో కుటుంబం. ఒకప్పుడు ఒక వ్యాపారి కుటుంబం ఉన్న ఇంట్లో ఇప్పుడు చాలా పొయ్యిలు వెలిగేవి. 1981లో ఫెస్, 1985లో మరాకేష్ పాత నగరాలు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి.

ఆ తర్వాత మరాకేష్‌లో ఇంకో మలుపు. లోపల తోట ఉన్న పాత ఇంటిని రియాద్ అంటారు. ఆ మాటకి తోటలని అర్థం. 1990ల చివరి నుంచి యూరోపియన్లు వీటిని కొని, బాగుచేసి, చిన్న లగ్జరీ హోటళ్లుగా మార్చడం మొదలుపెట్టారు. రీల్‌లో కనిపించిన ఇల్లు ఇలాంటిదే. రేట్లు పెరిగాయి. అద్దెకున్నవాళ్లు గోడ బయటికి వెళ్లారు. చూశారా, వందేళ్ల కిందట యూరోపియన్లు బయట, స్థానికులు లోపల. ఇప్పుడు చాలా సందుల్లో అది తిరగబడుతోంది. గోడ మాత్రం అదే.

ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. అమ్మినవాళ్లందరూ ఏడుస్తూ అమ్మలేదు. కురిసే కప్పు, కారు రాని సందు వదిలి, కుళాయి ఉన్న ఫ్లాట్ కొనుక్కోవడం చాలామందికి మేలే. కూలిపోయే ఇళ్లు నిలబడ్డాయి. టైల్స్ చెక్కేవాళ్లకి, చెక్కపని వాళ్లకి మళ్లీ పని దొరికింది. అయితే ఊరికి మంచి గోడలుంటే సరిపోదు. రొట్టెలు కాల్చే పొయ్యి, బడి, పక్కింటివాళ్లు కూడా ఉండాలి. అవి పోతే మిగిలేది సెట్టింగే. 2023 సెప్టెంబర్ 8 రాత్రి 6.8 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు దాదాపు మూడు వేల మంది చనిపోయారు. ఎక్కువమంది అట్లాస్ కొండల పల్లెల్లోవాళ్లు. మరాకేష్ మదీనాలోనూ పాత ఇళ్లు కూలాయి. పేదవాళ్లు ఎలాంటి గోడల మధ్య ఉంటున్నారో ఆ రాత్రి ప్రపంచం చూసింది.

టూర్‌లో చివరిది ఎసవీరా. పాత పేరు మొగదార్. సుల్తాన్ మూడో మహమ్మద్ 1760ల్లో ఒక ఫ్రెంచి ఇంజనీరుతో ప్లాన్ గీయించి కట్టించిన రేవు ఇది. విదేశీ వ్యాపారం అంతా ఇక్కడి నుంచే నడవాలని యూదు వ్యాపారుల్ని పిలిచి ఇళ్లిచ్చాడు. సహారా దాటి వచ్చిన ఒంటెల బిడారులు ఇక్కడ ఓడల్ని కలిసేవి. బంగారం, ఈకలు వచ్చేవి. మనుషులూ వచ్చేవాళ్లు, బానిసలుగా. ఆ మనుషుల వారసుల్లోంచి పుట్టిందే గ్నావా సంగీతం. లగ్జరీ టూర్‌లో డిన్నర్ పక్కన వినిపించే ఆ ఇనుప చిడతల చప్పుడు సంకెళ్ల చప్పుడుకి గుర్తని చాలామంది చెబుతారు. 2019లో యునెస్కో దాన్ని వారసత్వంగా గుర్తించింది. ఇక ఆ యూదు కుటుంబాలు? ఇరవయ్యో శతాబ్దం మధ్యలో దాదాపు అందరూ ఇజ్రాయెల్‌కో ఫ్రాన్స్‌కో వెళ్లిపోయారు. వాళ్ల ప్రార్థనా మందిరాలు, సమాధులు మిగిలాయి.

కాబట్టి వెళ్లే అవకాశం వస్తే వెళ్లండి. కెమెరాకి నచ్చిన ప్రతి ఇంటి ముందూ రెండు ప్రశ్నలు అడగండి. ఇక్కడ ఇంతకుముందు ఎవరుండేవాళ్లు? వాళ్లు ఎందుకు వెళ్లారు? గైడ్ ఆ ఊరివాడైతే జవాబు అతని ఇంటి కథలోనే దొరకొచ్చు. మదీనాలో కనీసం ఒక పూట రొట్టె పొయ్యి దగ్గర కూర్చోండి. పొద్దున్నే పిల్లలు నెత్తి మీద పిండి పళ్లేలతో వస్తున్నారంటే ఆ వీధి ఇంకా బతికే ఉందని అర్థం.

మీకు తెలిసిన ఏ పాత ఊరికైనా ఇలాంటి కథ ఉంటే కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.