దేహసాక్ష్యము, వాక్సాక్ష్యము

మహాభారతమున, అనుశాసన పర్వమందు భంగాస్వనుడను రాజు కథ కలదు. ఇంద్రుని ఆగ్రహమువలన అతడు స్త్రీగా మారెను. పిదప ఇంద్రుడు ప్రసన్నుడై పురుషత్వము మరల నిత్తుననగా, అతడు వలదని స్త్రీగానే యుండగోరెను. సంగమసుఖము స్త్రీకే అధికమని అతడు చెప్పిన కారణము. గ్రీకుల టైరీషియస్ కథయు ఇట్టిదే. ఈ ప్రశ్నకు సమాధానము కొరకు ఇరుదేశములవారును రెండు దేహముల అనుభవముగల సాక్షినే కల్పించుకొనిరి. అట్టి సాక్షి లోకమున దొరకడు. కావుననే చిరకాలము ఊహలే శాస్త్రములుగా చెల్లెను. ఆ ఊహలను వ్రాసినవారు చాలవరకు పురుషులే.

19వ శతాబ్దమున ఇంగ్లండు వైద్యుడు విలియం ఆక్టన్, స్త్రీలలో అధికసంఖ్యాకులకు కామభావముచే బాధ అంతగా లేదని, అది వారి అదృష్టమని వ్రాసెను. ఆ శతాబ్దము ముగియకమునుపే, 1892లో, అమెరికాలో క్లీలియా మోషర్ అను విదుషీమణి వివాహితలనే అడిగి జవాబులు సేకరింప మొదలిడెను. 1920 నాటికి సమకూడినవి 45 మంది మాటలు. వారిలో ఎక్కువమంది తమకు కోరిక కలదని చెప్పిరి. ఆమె ఆ కాగితములను ప్రచురింపకయే 1940లో మరణించెను. 1973లో కార్ల్ డెగ్లర్ అను చరిత్రకారుని కంటబడువరకు అవి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ భాండారమున కట్టలలోనే యుండెను.

అడిగి తెలిసికొను మార్గమును రాజమార్గము చేసినవాడు ఆల్ఫ్రెడ్ కిన్సే. ఇండియానా విశ్వవిద్యాలయమున కందిరీగజాతి కీటకములను వేలకొలది సేకరించిన ఆ జీవశాస్త్రజ్ఞుడు, మానవుల అనుభవములను గూడ వేలకొలది సేకరించెను. పురుషులను గూర్చిన సంపుటము 1948లోను, 5,940 మంది స్త్రీల మాటలపై ఆధారపడిన సంపుటము 1953లోను వెలువడెను. స్పర్శకు దేహము స్పందించు తీరు ఇరువురియందును దాదాపు సమానమే యనియు, చిత్రములు, కథలు, తలపులు మొదలగు మానసిక ప్రేరణలకు మాత్రము పురుషుడే ఎక్కువగా చలించుననియు అతడు నిర్ణయించెను. రెండవ సంపుటముపై నిరసన చెలరేగెను. 1954లో రాక్‌ఫెల్లర్ సంస్థ ధనసాహాయ్యము నిలిచిపోయెను.

మాటలు చాలవని తలచినవారు విలియం మాస్టర్స్, వర్జీనియా జాన్సన్. 1957 మొదలు సెయింట్ లూయిస్ నగరమున 382 మంది స్త్రీలను, 312 మంది పురుషులను ప్రయోగశాలయందే పరిశీలించి, 1966లో ఫలితములను ప్రకటించిరి. గుండె వేగము, శ్వాస, రక్తప్రసరణము మొదలగువానియందు ఇరువురికిని భేదముకంటె పోలికయే హెచ్చని వారు చూపిరి.

1970ల దశకమున వెలుతురు సాయముతో స్త్రీ దేహమందలి రక్తప్రసరణమును కొలుచు చిన్న పరికరము వచ్చెను. జూలియా హైమన్ అను మనఃశాస్త్రజ్ఞురాలు, రేడియో నాటికవలె కేవలము ధ్వనితో సాగు కథలను యువతీయువకులకు వినిపించెను. ప్రణయకథలకు కాక, శృంగారమును స్పష్టముగా వర్ణించిన కథలకే ఇరువురును స్పందించిరి. కిన్సే నిర్ణయము ఇట్లు సడలెను. కాని క్రొత్త చిక్కొకటి బయలుపడెను. పరికరము మార్పును చూపినను, కొందరు స్త్రీలు తమకేమియు తోచలేదనిరి.

ఈ చిక్కునే కెనడా శాస్త్రజ్ఞురాలు మెరెడిత్ చివర్స్, ఆమె సహచరులు 2010లో లెక్కకు తెచ్చిరి. 1969 మొదలు 2007 వరకు ప్రకటితమైన 132 పరిశోధనలను, 2,505 మంది స్త్రీల, 1,918 మంది పురుషుల ఫలితములను కలిపి చూచిరి. దేహము చూపునదియు, నోరు చెప్పునదియు పూర్తిగా ఏకీభవించిన 1 అనుకొన్నచో, పురుషులలో ఆ పొందిక 0.66, స్త్రీలలో 0.26. పురుషునకు తన దేహపు మార్పు కంటికి కనబడును, స్త్రీకి కనబడదు. ఇది యొక వివరణము. పెంపకపు ఆంక్షలు మరియొకటి. గాయము కలుగకుండ కాపాడుకొనుటకు స్త్రీ దేహము, కోరికతో నిమిత్తములేకయే, సిద్ధపడుచుండవచ్చుననునది వేరొకటి. ఏ యొక్కటియు తుదితీర్పు కాలేదు. ఇక 2019లో 61 మెదడు పరిశోధనలను, 1,850 మంది ఫలితములను కలిపి చూచిన జర్మనీ శాస్త్రజ్ఞులు, ఉద్దీపనవేళ మెదడున పనిచేయు భాగములయందు స్త్రీపురుష భేదము కానరాదనిరి.

ఇది పండితుల వినోదము కాదు. రక్తప్రసరణమును పెంచి పురుషులకు మేలు చేసిన వయాగ్రా మందును స్త్రీలపైనను పరీక్షించి, ప్రయోజనము తేలక 2004లో ఆ ప్రయత్నమును విరమించిరి. రక్తము కదలినంతమాత్రమున కోరిక కలుగదని అందువలన తెలిసెను. అంతకంటె ముఖ్యమైనది న్యాయము. బలాత్కారమునకు గురియైన స్త్రీ, పురుషుడైనను సరే, దేహము స్పందించినదని తమ్ము తామే నిందించుకొనుట కలదు. ఆ స్పందనమునే సమ్మతిగా చూపి వాదించువారును కలరు. పరిశోధన చెప్పునది వేరు. దేహపు స్పందన సమ్మతి కాదు, కోరికకును అది నమ్మదగిన గుర్తు కాదు.

పరికరము రక్తమును కొలువగలదు, ఇష్టమును కొలువలేదు. మోషర్ కట్టిపెట్టిన ఆ 45 మంది జవాబుల విలువ ఇక్కడనే తెలియుచున్నది. ఇష్టమెట్టిదో తెలియవలెనన్న, ఆ మనిషినే అడిగి, చెప్పిన మాటను నమ్మవలెను.