విషాదమునకు కొలబద్ద

భద్రాచలము కడ గోదావరి 53 అడుగులకు వచ్చినచో మూడవ ప్రమాదసూచిక జారీచేయుదురు. 1986లో నది 75.6 అడుగులకెక్కెను, 2022 జూలైలో మరల 71 అడుగులు దాటెను. నీటిని కొలుచుటకు మనకు అడుగులు కలవు. ఆ నీరు తీసి, బురద యెత్తిపోసి, గోడలకు సున్నము వేసి మూడు నెలలు గడచినను, అన్నము సహింపక, నిదుర పట్టక, ఒక మూల కూర్చుండిపోయిన యిల్లాలి దిగులును కొలుచుటకు కొలబద్ద యేది? గాలి సోకినదని యొకరు, సోమరితనమని యొకరు, గ్రహచారమని వేరొకరు చెప్పి ఊరకుందురు. వైద్యశాస్త్రము మాత్రము ఆ కొలబద్దకై యెలుకలను, కుందేళ్లను ఆశ్రయించినది. ఆ చరిత్రను కొంత చెప్పదలచితిమి.

విషాదమనునది మన పెద్దలకు క్రొత్త కాదు. భగవద్గీత ప్రథమాధ్యాయమునకు అర్జునవిషాదయోగమనియే పేరు. చరకసంహిత ఉన్మాదమునకు ప్రత్యేకాధ్యాయము నొసగినది. అయితే అర్జునునకు నోరు కలదు, వినుటకు ప్రక్కన సారథి కలడు. ఎలుకకు నోరు లేదు. ఈ చరిత్రలోని చిక్కంతయు అందే యున్నది.

కథ యొక మొక్కతో మొదలగును. తూర్పుకనుమల అడవులలో సైతము పెరుగు ఈ చిన్న మొక్కను సంస్కృతమున సర్పగంధయనియు, తెలుగున పాతాళగంధియనియు నందురు. బీహారు పల్లెలలో దీని వేరునకు ‘పిచ్చివాని మందు’ అను పేరు కలదు. 1931లో కలకత్తా వైద్యులు గణనాథ సేను, కార్తికచంద్ర బోసు అను వారు ఈ వేరు రక్తపుపోటును తగ్గించుననియు, ఉన్మాదమును శమింపజేయుననియు ప్రకటించిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీలు తన యనుభవమును ఇంగ్లండు హృద్రోగపత్రికలో ప్రచురించిన పిమ్మటనే పశ్చిమ ఖండముల దృష్టి దానిపై బాగుగ పడెను. 1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీ రసాయనజ్ఞులు ఆ వేరునుండి రిసర్పిన్ అను సారమును వేరుచేసిరి.

రక్తపుపోటుకై రిసర్పిన్ పుచ్చుకొన్నవారిలో కొందరు దిగులులో మునిగిరను వార్తలు వెంటనే పుట్టెను. 1955లో అమెరికాలో బ్రోడీయు నాతని సహచరులును ఈ మందు కుందేటి మెదడులోని సెరటోనిన్‌ను హరించుచున్నదని కనిపెట్టిరి. 1957లో స్వీడను దేశస్థుడగు కార్ల్‌సన్, రిసర్పిన్‌చే మందగించి పడియున్న కుందేళ్లకు డోపా అను ద్రవ్యము నెక్కింపగా, అవి కొలది సేపటిలోనే లేచి తిరుగజొచ్చెను. 2000లో కార్ల్‌సన్‌కు నోబెల్ బహుమానము వచ్చినది. మెదడులో నిట్టి ద్రవ్యములు తగ్గిన దిగులు, పెరిగిన ఉల్లాసము అను సూత్రము లోకమున స్థిరపడెను. సూత్రము చక్కనిది. కాని అదే 1955లో లండనులో డేవీసు, షెపర్డు అను వైద్యులు ఆందోళనయు దిగులును గలవారికి రిసర్పిన్‌నే యిచ్చి చూడగా, వారికి మేలు కలిగెను! ఈ రెండవ సంగతిని లోకము మరచినది. సూత్రమున కిమిడినది నిలుచుటయు, ఇమడనిది మరుగుపడుటయు మన శాస్త్రచర్చలలోనే గాక వారి శాస్త్రములలోను కలదని మేము గ్రహించితిమి.

ఇక మందులో? మొదటి మందులు రెండును ఎలుకల పుణ్యమున దొరికినవి కావు. 1952లో న్యూయార్కు క్షయరోగుల ఆసుపత్రిలో ఇప్రోనయజిడ్ పుచ్చుకొన్న రోగులు ఊపిరితిత్తుల సంగతి యెట్లున్నను ఉత్సాహముతో నుండుట వైద్యులు చూచిరి. స్విట్జర్లాండులో రోలండ్ కూన్ వేరొక మనోవ్యాధికై పరీక్షించుచుండిన ఇమిప్రమిన్ దిగులు రోగులకు గుణమిచ్చుట కనిపెట్టి 1957లో ప్రకటించెను. మనుష్యులు తమ నోట చెప్పగా వైద్యులు వినుటచే దొరికిన మందులివి. పిమ్మట క్రొత్త మందులను త్వరగా వడబోయుటకు నోరులేని జంతువు కావలసివచ్చెను.

ఎలుకకు ఒత్తిడి నిచ్చుట 1936లోనే మాంట్రియలులో హాన్స్ సెలియె చూపియుండెను. చలి, అధికశ్రమ, విషద్రవ్యము — ఏది పెట్టినను ఎలుక దేహములో నొకే మార్పులు: అడ్రినల్ గ్రంథులు ఉబ్బును, థైమస్ గ్రంథి క్రుంగును, కడుపులో పుండ్లు లేచును. 1977లో ఫ్రాన్సులో పోర్సోల్టు మరియొక పరీక్షను కల్పించెను. ఎక్కి రాలేని నీటిగాజుకుండలో ఎలుకను విడుతురు. అది కొంతసేపు గింజుకొని, పిదప ముక్కు మాత్రము పైకిపెట్టి కదలక తేలును. ఆ కదలకుండుటయే నిరాశయట. దిగులు మందు ముందుగ నిచ్చినచో నది యెక్కువసేపు గింజుకొనును. వేలకొలది పరిశోధనలు ఈ కుండపై ఆధారపడినవి.

గోదావరి ఒడ్డున ఈత నేర్చిన పిల్లవానిని అడుగుడు. ప్రవాహములో పడినపుడు చేతులు కాళ్లు కొట్టుకొనుచు అలసినవాడు మునుగును. ఊపిరి బిగబట్టి తేలినవాడు ఒడ్డు చేరును. తేలుట నిరాశయా, తెలివియా? ఈ ప్రశ్నను శాస్త్రజ్ఞులును వేయకపోలేదు. ఇటీవల పలువురు ఆ కదలకుండుటను దిగులు కాదనియు, నేర్చిన ఉపాయమనియు వాదించుచున్నారు. మరియు ఒక్క దినములో నిచ్చిన మందునకే ఎలుక మారును. మనుష్యునికి గుణము కనబడుటకు వారములు పట్టును. ఈ రెంటిని ఒకే వ్యాధియనుట యెట్లు?

అట్లని జంతుపరీక్షలను వ్యర్థమని త్రోసిపుచ్చుట న్యాయము కాదు. 2002లో బెంగళూరులో సుమంత్ర చటర్జీ, శంకరనారాయణరావు మున్నగువారు ఎలుకలను దినమునకు రెండు గంటల చొప్పున పది దినములు కదలకుండ బంధించిరి. జ్ఞాపకమునకు నెలవైన హిపోక్యాంపసులో నాడీకణముల కొమ్మలు కుదించుకొనిపోయెను. భయమునకు నెలవైన అమిగ్డలాలో కొమ్మలు పెరిగెను. 2004లో ప్రకటించిన దింకను గమనింపదగినది: ఇరువదియొక్క దినముల విశ్రాంతి పిదపను భయస్థానము మునుపటి స్థితికి రాలేదు. వరద తీసినను దిగులు తీయదేమని యింటివారు విసుగుకొనుచుండగా, ఈ యెలుక మెదడు వారికి కొంత సమాధానము చెప్పుచున్నది. ఇట దాపరికము లేక చెప్పవలసినదొకటి కలదు. ఈ విద్యలో చిరకాలము మగ ఎలుకలనే వాడిరి. దిగులు వ్యాధి యన్ననో పురుషులకంటె స్త్రీలకు రమారమి రెండింతలు! వంటింటి దుఃఖము ప్రయోగశాల గడప నెక్కుటకును ఇంత ఆలస్యమైనది.

1974లో అమెరికాలోని ఇలై లిల్లీ కంపెనీ పరిశోధకులు ఫ్లూక్సెటీన్‌ను ప్రకటించిరి. 1987లో అది ప్రోజాక్ అను పేరున అచ్చట అనుమతి పొందెను. 2001 ఆగస్టులో దాని 40 మిల్లీగ్రాముల గుళికను అదే దేశమున చౌకగా అమ్ముటకు ఆరుమాసముల ప్రత్యేకహక్కును పొందినది హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్. దాని స్థాపకుడు కల్లం అంజిరెడ్డి తాడేపల్లి పసుపురైతు కుమారుడు.

2022లో వెలువడిన యొక సమీక్ష, సెరటోనిన్ తక్కువగుటచేతనే దిగులు కలుగునను మాటకు నిలుకడైన ఆధారము లేదని తేల్చినది. అంతమాత్రమున మాత్రలు పనిచేయవని కొందరు సంబరపడుచున్నారు. 2018లో 522 పరీక్షలను గూర్చిన పరిశీలన ఇరువదియొక్క మందులును ఉత్తమాత్రకంటె మేలేయనియు, ఆ మేలు సగటున మితమనియు చూపెను. ఎట్లు పనిచేయునో తెలియకపోవుట వేరు, పనిచేయకపోవుట వేరు. వైద్యుని అడుగక మాత్రలను హఠాత్తుగ మానుట ప్రమాదము.

2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము, ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన ఒత్తిడిలో నున్నవాడని మొదటే భావించుమనినది; అట్లు కాదని ఋజువు కానంతవరకు అతనికి శిక్ష లేదు. సెలియె ఎలుకల రోగమునకు వాడిన మాటయే మన శాసనములో కెక్కినది. 2022 అక్టోబరునుండి టెలీ మానస్ అను ప్రభుత్వసహాయము 14416 అను సంఖ్యకు లభించుచున్నది. ఆ సంఖ్యకు తెలుగులోనే మాటాడవచ్చును.