ఒంటరివాని హెచ్చరిక

ఖమ్మము మెట్టలనుండి భద్రాచలము గోదావరివరకు గల అడవిసీమలో ఒంటరిగా పనిచేయువారు ఎల్లకాలమును ఉన్నారు. మంచెపై జొన్నచేను కాచువాడు అడవిపంది వచ్చినచో డప్పు కొట్టును, కేక వేయును. పొరుగుమంచెనుండి బదులు వచ్చిన ధైర్యము కలుగును. కేకకు బలము వినువానివలననే గదా!

భద్రాచలయాత్రికులు వంటకై పేర్చిన పొయ్యిరాళ్ళు అంటుకొన్నవని ఇల్లందు ప్రాంతమున జనశ్రుతి కలదు. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగు అచ్చట బొగ్గును గుర్తించెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. అడవిలో మృగమునకు వెరచిన మనుష్యునికి భూమిక్రింద మరియొక శత్రువు ఎదురయ్యెను. గనిలోని మండువాయువునకు రంగు లేదు, వాసన లేదు. కేక వేయుటకైనను అది వ్యవధి నీయదు.

దీనికి ఉపాయము ఇంగ్లాండులో పుట్టినది. 1812లో ఫెల్లింగు గనిలో ప్రేలుడువలన 92 మంది మరణించిరి. 1815లో హంఫ్రీ డేవీ జ్వాలచుట్టును సన్నని తీగెవలను అమర్చి ఒక దీపమును కల్పించెను. వల వేడిమిని హరించుటచే వెలుపలి వాయువు అంటుకొనదు. మండువాయువు చేరినచో జ్వాలపై నీలివెలుగు టోపీవలె కనబడును. ప్రాణవాయువు తగ్గినచో దీపము సన్నగిల్లి ఆరిపోవును. ఇట్లు దీపమే హెచ్చరిక యయ్యెను.

అయినను దీపము హెచ్చరించునది దానిని చూచువానిని మాత్రమే. అతడు స్పృహ తప్పినచో ఎవరికి తెలియును? అందులకు గనులలో దీపముల లెక్క ఏర్పడినది. ఆ గదిని ల్యాంపురూమందురు. దిగువాడు అంకెగల దీపమును తీసికొనిపోవును. షిఫ్టు ముగిసినపిమ్మట తిరిగి అప్పగించును. దీపము రాని కొక్కెము ఖాళీగా నిలిచినచో, లోపల ఒక మనుష్యుడు ఉన్నాడని పైవారు గ్రహింతురు. నూనెదీపము పోయి విద్యుద్దీపము తలకెక్కినను ఈ లెక్క అవసరము తీరలేదు.

నేడు కూలినవాడు కదలకున్నచో తనంతట వార్త పంపు యంత్రములు వచ్చినవి. అవి మంచివే. కాని అడవిలోయలలో సెల్‌ఫోను సంకేతము అందని తావులు కలవు. వార్త అందినను కదలి వెళ్ళువాడు ఉండవలెను.

కావున తునికాకునకు, ఇప్పపువ్వునకు పోవువారు ఏ దిక్కునకు పోయిరో, ఎప్పటికి తిరిగి వత్తురో ఊరిలో ఒక్కరికైన తెలిసియుండవలెను. ప్రొద్దు క్రుంకిన పిమ్మట రానివాని పేరు అడుగువాడు ఉండవలెను. ఈ లెక్కకు పైకము అక్కరలేదు, పెద్దల పూనిక చాలును.