జనం వెళ్ళిపోయిన ఊరికి

కిందటేడు ఒక పేరున్న చోటికి వెళ్ళి, క్యూలో మూడు గంటలు నిలబడి వచ్చాక మా అత్తయ్య ఒక మాటన్నారు. "జనాన్ని చూడ్డానికి ఇంత దూరం ఎందుకే, మన మోండా మార్కెట్‌కి వెళ్తే సరిపోయేదిగా!" అందరం నవ్వాం. కానీ ఆ తర్వాత ఎక్కడికి బయల్దేరినా "నా మోకాళ్ళ వల్ల కాదు, మీరు వెళ్ళిరండి" అనడం మొదలుపెట్టారు. దానికి మాత్రం నాకు నవ్వు రాలేదు.

అప్పుడు ఒక లెక్క వేసుకున్నాను. ఇవాళ జనం ఎక్కడికి వెళ్తున్నారని కాదు, ఒకప్పుడు ఎక్కడికి వెళ్ళేవారో చూడాలని. అలా దొరికింది కొలనుపాక.

సికింద్రాబాద్‌లో కాజీపేట వైపు రైలెక్కితే సుమారు 70 కిలోమీటర్లలో ఆలేరు. గుట్టకెళ్ళేవాళ్ళు రాయగిరిలో దిగిపోతారు, మనం ఇంకాస్త ముందుకెళ్ళాలి. ఆలేరు నుంచి ఆటోలో ఆరేడు కిలోమీటర్లు.

ఇప్పుడది పల్లె. కళ్యాణి చాళుక్యుల కాలంలో మాత్రం కొల్లిపాక, ఏడువేల నాడుకు ముఖ్యపట్టణం. 1076 నుంచి 1126 దాకా ఏలిన ఆరో విక్రమాదిత్యుడి కొడుకు కుమార సోమేశ్వరుడు ఈ నాడును పాలించాడు. తర్వాత కాకతీయులు బలపడ్డారు. అధికారం హనుమకొండకు, ఆపైన ఓరుగల్లుకు చేరింది. దాని వెంటే జనమూ వెళ్ళారు. గుళ్ళు ఎక్కడికి వెళ్తాయి?

జైన మందిరంలో మాణిక్యదేవుడని పిలిచే ఆదినాథుడు, జేడ్ రాతి మహావీరుడు ఉన్నారు. గుజరాత్, రాజస్థాన్ల నుంచి కూడా యాత్రికులు వస్తారు. అదే ఊళ్ళో సోమేశ్వరాలయం. వీరశైవుల ఆచార్యుడు రేణుకాచార్యులు అక్కడి లింగంలోంచే ఉద్భవించారని నమ్మకం. రెండు మతాలకూ ఒకే పల్లె పుణ్యక్షేత్రం కావడం నాకు భలే నచ్చింది.

సోమేశ్వరాలయం ఆవరణే పురావస్తు శాఖ మ్యూజియం. చుట్టుపక్కల దొరికిన శిల్పాలు, శాసనాలు అక్కడ చేర్చారు. తోసేవాళ్ళు లేరు, తొందరపెట్టేవాళ్ళు లేరు. దానశాసనాల మీద సూర్యచంద్రులను ఎందుకు చెక్కుతారని మా అమ్మాయి అడిగితే, అత్తయ్యే చెప్పారు: "వాళ్ళిద్దరూ ఉన్నన్నాళ్ళూ ఆ దానం నిలవాలని."

పులిహోర, పెరుగన్నం తిని, నీడలో ఆవిడ కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. ఇంటికొచ్చాక నొప్పుల మాత్ర అడుగుతారనుకున్నాను.

"ఇలాంటి ఊళ్ళు ఇంకా ఎన్నున్నాయే?" అని అడిగారు.