కందిరీగ గెలిచిన ఊరు

మే నెలాఖరుకు మా ఇండియానాపొలిస్‌ జనసంద్రమవుతుంది. 500 మైళ్ల కార్ల పందెం అప్పుడే. 1911 మే 30న ఈ పందెం మొదటిసారి జరిగినప్పుడు గెలిచిన కారు ఈ ఊళ్లో పుట్టిందే. దాన్ని తయారుచేసిన మార్మన్ కంపెనీకి మొదట పేరు తెచ్చినవి పిండిమరల యంత్రాలు. ఆ కుటుంబంలోని హోవర్డ్ మార్మన్ 1902లో తొలి కారు కట్టాడు.

పందెం కారును కందిరీగ అన్నారు. పసుపు రంగు, మొనదేలిన తోక, ఆరు సిలిండర్లు, 32 నంబరు, ఒకే ఒక్క సీటు. ఆ సీటు దగ్గరే పేచీ వచ్చింది. తక్కిన కార్లలో డ్రైవరు పక్కన ఒక మెకానిక్ కూర్చుని, వెనక ఎవరొస్తున్నారో చూసి చెప్పేవాడు. ఈ కారులో ఆ మనిషి లేడు, ప్రమాదం కదా అని పోటీదారులు అభ్యంతరం చెప్పారు. డ్రైవరు రే హారూన్ ఎదురుగా ఒక అద్దం బిగించాడు.

చుట్టాలొస్తే తీసుకెళ్లే ఇక్కడి మ్యూజియంలో ఇప్పటికీ అందరూ ఆ అద్దాన్నే చూస్తారు. కానీ అలాంటిది షికాగోలో ఒక గుర్రబ్బండికి ఉండగా చూశానని హారూనే చెప్పాడు. పైగా పందెం జరిగింది 1909లో 32 లక్షల ఇటుకలు పరిచిన బాట మీద. ఆ కుదుపులకు అద్దంలో ఏమీ కనబడలేదట. నన్నడిగితే గెలిపించింది టైర్ల లెక్క. గంటకు 75 మైళ్లు దాటితే టైర్లు త్వరగా అరుగుతాయని హారూన్ గ్రహించాడు. మిగతావాళ్లు దూకుడుగా పోయి, టైర్లు మార్చుకుంటూ ఆగిపోతుంటే, అతను నిలకడగా నడిపాడు. 6 గంటల 42 నిమిషాల పందెంలో సగటు వేగం 74.6 మైళ్లు! మధ్యలో కొన్ని చుట్లు సైరస్ పాచ్కే నడిపాడు. అతన్ని ఎవరూ తలవకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. రెండో స్థానంలో వచ్చిన లోజియర్ కారు డ్రైవరు మల్ఫర్డ్ మాత్రం గెలిచింది తానేనని అంటూనే ఉన్నాడు.

అదే పందెంలో ఆంప్లెక్స్ కారు ప్రమాదానికి గురై సామ్ డిక్సన్ చనిపోయాడు. అతను డ్రైవరు కాదు, పక్క సీటులోని మెకానిక్. కందిరీగలో ఆ సీటే లేదని గుర్తొచ్చినప్పుడల్లా, నాటి అభ్యంతరాన్ని నేను మరో కోణంలో చూస్తాను.

అప్పట్లో పందేలలో మా ఊరి కార్ల జోరు అంతా ఇంతా కాదు. ఇక్కడి స్టట్జ్ కంపెనీ తొలి కారు అదే పందెంలో పదకొండో స్థానంలో వచ్చింది. మార్మన్ రెండో కారును అయిదో స్థానానికి తెచ్చిన జో డాసన్, 1912లో ఇదే ఊరి నేషనల్ కారుతో గెలిచాడు. అప్పటికే మార్మన్ పందేల నుంచి తప్పుకుంది. చివరకు 1931లో, ఆర్థికమాంద్యం నడుమ, 200 అశ్వశక్తితో పదహారు సిలిండర్ల అద్భుతమైన కారు తెచ్చింది. కొనేవాళ్లు కరువై 1933లో కార్ల తయారీ ఆపేసింది. స్టట్జ్, నేషనల్ కూడా మిగలలేదు.